పెంపుడు బాతులు: రీల్ చూసి బాతుపిల్ల కొనేస్తున్నారా..? అది మచ్చిక కావాలంటే ముందు ఇవి తెలుసుకోండి!

ఫోన్ స్క్రోల్ చేస్తుంటే ఎక్కడో ఒకచోట ఆ వీడియో ఎదురవుతుంది. వరండాలో ఓ అమ్మాయి నడుస్తుంటే, వెనకాలే పసుపు రంగు బాతుపిల్ల బుడిబుడి అడుగులతో పరిగెడుతుంటుంది. ఆమె ఆగితే అదీ ఆగుతుంది. ఆమె కూర్చుంటే ఒళ్లోకి ఎక్కేస్తుంది. కింద కామెంట్లలో ఒకటే ప్రశ్న.. "ఇది ఎక్కడ దొరుకుతుంది?"

దొరకడం పెద్ద కష్టం కాదు. పక్షుల మార్కెట్లో, వారపు సంతలో బాతుపిల్లలు అమ్ముతూనే ఉంటారు. అసలు సమస్య ఇంటికి తెచ్చాకే మొదలవుతుంది. తెచ్చిన వారానికే పిల్ల చనిపోవడం, మూడు నెలలకు దగ్గరికి రానివ్వకపోవడం, ఆరు నెలలకు అరుపులు భరించలేక ఎవరో ఒకరు చెరువు గట్టున వదిలేసి రావడం.. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. వీడియో 30 సెకన్లే. బాతు మాత్రం సరిగ్గా చూసుకుంటే 8 నుంచి 12 ఏళ్ల వరకు బతుకుతుంది.

మరి మనుషులతో కలిసిపోయే బాతును ఎలా ఎంచుకోవాలి? ఎలా మచ్చిక చేసుకోవాలి? ఏ తప్పులు ప్రాణం మీదకు తెస్తాయి? వివరంగా చూద్దాం.

వెనకే నడవడం వెనక ఉన్న సైన్స్

గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల, మొదట కనిపించిన కదిలే ప్రాణిని తల్లిగా గుర్తుపెట్టుకుంటుంది. దీన్నే ఇంప్రింటింగ్ అంటారు. ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఇంక్యుబేటర్‌లో పొదిగించిన గ్రేలాగ్ పెద్దబాతు పిల్లలు ఆయన్నే తల్లి అనుకుని వెంట తిరిగేవి. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో మరో ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు.

అయితే ఇక్కడే ఓ మెలిక ఉంది. ఈ ముద్ర పడే సమయం చాలా తక్కువ. మల్లార్డ్ బాతుపిల్లల మీద జరిగిన ప్రయోగాల్లో, పుట్టిన 13 నుంచి 16 గంటల మధ్య ఇది బలంగా పడుతుందని తేలింది. మార్కెట్లో కొనే పిల్లకు అప్పటికే నాలుగైదు రోజులు దాటి ఉంటాయి. అంటే మీరు కొన్న పిల్ల మిమ్మల్ని తల్లి అనుకునే అవకాశం దాదాపు ఉండదు. అయినా మీ వెనక నడుస్తుందంటే, అది నమ్మకంతో నడుస్తున్నట్టు. ఆ నమ్మకం రోజూ కొంచెం కొంచెంగా సంపాదించుకోవాల్సిందే.

నిజానికి ఇది మంచిదే. పూర్తిగా మనిషికే అతుక్కుపోయిన ఒంటరి బాతు పెద్దయ్యాక తోటి బాతులతో కలవలేదు. మనం ఆఫీసుకో, ఊరికో వెళ్తే అరిచి అరిచి నీరసపడుతుంది. మగదైతే మనుషులనే జోడీ అనుకుని వెంటపడి కరవడం కూడా చూస్తుంటాం.

ఒక్కటి వద్దు.. కనీసం రెండు

బాతు గుంపులో బతికే పక్షి. "ఒక్కదాన్నే పెంచితే మనకు బాగా మచ్చికవుతుంది" అనుకోవడం మొదటి పొరపాటు. రెండు మూడు పిల్లల్ని కలిపి పెంచి, రోజూ వాటితో సమయం గడిపితే చాలు. అవి ఒకదానికొకటి తోడుగా ఉంటాయి, మనకూ మచ్చికవుతాయి.

ఆడ, మగ లెక్క కూడా ముఖ్యం. ఒక మగబాతుకు నాలుగు నుంచి ఆరు ఆడబాతులు ఉంటే ఇబ్బంది ఉండదు. రెండు మగవాటి మధ్య ఒక్క ఆడబాతు ఉంటే మాత్రం దాని మెడ, వీపు మీద ఈకలు ఊడి గాయాలయ్యేదాకా వేధిస్తాయి. అన్నీ ఆడవే ఉన్నా పర్లేదు, ఆడవి లేకుండా మగవే ఉన్నా సాధారణంగా సర్దుకుపోతాయి.

చిన్న పిల్లల్లో ఆడ, మగ తేడా పైకి చూసి చెప్పలేం. ఆరు నుంచి ఎనిమిది వారాలు వచ్చాక గొంతే చెప్పేస్తుంది. గట్టిగా "క్వాక్ క్వాక్" అని అరిస్తే ఆడది. బొంగురుగా, మెల్లగా పలికితే మగది. ఇంకొన్ని వారాలకు మగబాతు తోక మీద ఒకట్రెండు ఈకలు పైకి మెలి తిరుగుతాయి. కచ్చితంగా ఆడవే కావాలనుకునేవారు రెండు నెలల వయసున్నవాటిని గొంతు విని తీసుకోవడం మేలు. అవి మచ్చిక కావడానికి పిల్లల కంటే ఎక్కువ వారాలు పడుతుంది, అంతే.

ఏ జాతి ఎవరికి?

మస్కోవీ తప్ప ప్రపంచంలోని పెంపుడు బాతు జాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు నుంచి వచ్చినవే. మస్కోవీ సొంతూరు మధ్య, దక్షిణ అమెరికా.

వైట్ పెకిన్: చైనా జాతి. తెల్లటి ఒళ్లు, పసుపు ముక్కు. నెమ్మదైన స్వభావం, ఎగరలేదు. పిల్లలున్న ఇంటికి ఇది మంచి ఎంపిక. కాకపోతే బరువు ఎక్కువ, కాళ్ల సమస్యలు తొందరగా వస్తాయి. గట్టి సిమెంటు నేల మీద తిప్పకూడదు, మేత అతిగా వేయకూడదు.

ఖాకీ క్యాంప్‌బెల్: ఇంగ్లండ్‌లో పుట్టిన జాతి. ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టగలదు. చురుకైనది, కాస్త బెదురు ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఓపిగ్గా మచ్చిక చేసుకోవాలి.

ఇండియన్ రన్నర్: పేరులో ఇండియన్ ఉన్నా మూలాలు ఇండోనేషియా దీవుల్లో ఉన్నాయి. సీసా నిలబెట్టినట్టు నిటారుగా నడుస్తుంది. తోటలో నత్తల్ని ఏరి తినడంలో దిట్ట. ఒళ్లోకి రావడం అరుదు, గుంపుగా మన వెంట తిరగడం మాత్రం దీనికి ఇష్టం.

మస్కోవీ: ముఖం మీద ఎర్రటి బుడిపెలు ఉంటాయి. దాదాపు అరవదు, "హిస్స్" అంటుంది. పక్కింటివాళ్ల గొడవ ఉండకూడదనుకునేవారికి సరిపోతుంది. కానీ మగది బాగా పెద్దది, గోళ్లు పదును. ఆడది గోడ దూకి ఎగిరిపోగలదు.

కాల్ డక్: రీల్స్‌లో కనిపించే పొట్టి ముక్కు బుజ్జి బాతులు చాలావరకు ఇవే. సైజు చూసి మోసపోవద్దు. ఒకప్పుడు అడవి బాతుల్ని పిలిచి వలలోకి రప్పించడానికి పెంచిన జాతి ఇది. గొంతు ఊరంతా వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌కు అస్సలు పనికిరాదు.

ఇక మన దగ్గర నెల్లూరు, గోదావరి జిల్లాల్లో కోత కోసిన వరి మళ్లలో వందల బాతుల్ని మేపుతూ ఊరూరా తిరిగే కాపరులు కనిపిస్తారు. ఆ నాటు బాతులు మన ఎండకు, రోగాలకు బాగా తట్టుకుంటాయి. అవి మనిషి ఒళ్లో పెరిగినవి కావు కాబట్టి, పెద్దవాటిని కాకుండా పిల్లల్నే తెచ్చుకోవాలి.

ఒక హెచ్చరిక. చెరువుల్లో, కొల్లేరులాంటి చోట్ల దొరికే అడవి బాతుల్ని, వాటి పిల్లల్ని పట్టి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. "పాపం దొరికింది, పెంచుకుంటాం" అన్నా కుదరదు. అటవీ శాఖకు చెప్పాలి.

కొనేటప్పుడు 2 నిమిషాలు ఆగి చూడండి

కళ్లు మెరుస్తూ, తెరిచి ఉండాలి. ముక్కు రంధ్రాల్లోంచి చీమిడి కారకూడదు. బొడ్డు ఎండి ఉండాలి. వెనక భాగం రెట్టతో అంటుకుపోయి ఉండకూడదు. రెండు కాళ్ల మీద తిన్నగా నడవాలి. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే గుంపుతో పాటు కదలాలి. ఓ మూల ఒంటరిగా ముడుచుకుని వణుకుతున్న పిల్లను జాలిపడి తెస్తే, దాని రోగం మిగతావాటికీ అంటుకోవచ్చు. రంగులు పూసిన పిల్లల జోలికి వెళ్లకండి.

మంచి జాతి పిల్లలు కావాలంటే పశుసంవర్ధక శాఖ దగ్గర ఆరా తీయడం ఉత్తమం. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న కేంద్ర ప్రభుత్వ పౌల్ట్రీ సంస్థ ఖాకీ క్యాంప్‌బెల్, వైట్ పెకిన్ జాతుల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది.

మొదటి 3 వారాలే కీలకం

వేడి: మొదటి వారం పిల్లలున్న చోట సుమారు 32 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. అట్టపెట్టెలో ఓ మూల బల్బు పెడితే చాలు. పిల్లలు బల్బు కిందే కుప్పగా చేరితే చలేస్తోందని అర్థం. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. మన ఎండాకాలంలో పగలు బల్బు అవసరమే ఉండకపోవచ్చు.

నేల: కింద న్యూస్‌పేపర్ పరిస్తే కాళ్లు జారి పక్కకు వంకర పోతాయి. గోనెసంచి, పాత తువ్వాలు, వరి ఊక వాడాలి. తడిస్తే వెంటనే మార్చాలి.

నీళ్లు: ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే. బాతుపిల్ల కదా అని తెచ్చిన రోజే టబ్బులో వదిలేస్తారు. తల్లి కింద పెరిగే పిల్లకు తల్లి ఈకల నూనె అంటుకుని నీళ్లు ఒంటికి పట్టవు. ఇంక్యుబేటర్ పిల్లకు ఆ రక్షణ ఉండదు. తడిసి, చలికి బిగుసుకుపోయి చనిపోతుంది. మొదటి వారాల్లో గోరువెచ్చని నీళ్లలో, కాళ్లు అడుగుకు తగిలే లోతులో, మనం పక్కనే ఉండి రెండు మూడు నిమిషాలు ఆడించి, వెంటనే తుడిచి వెచ్చగా ఉంచాలి. ఈకలు పూర్తిగా రావడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది.

తాగే గిన్నె మాత్రం ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి. లేకపోతే ముక్కు, కళ్లు శుభ్రం చేసుకోలేవు. పిల్ల అందులో పడిపోకుండా గిన్నెలో నాలుగు గులకరాళ్లు వేయాలి. మేత పెట్టిన ప్రతిసారీ పక్కన నీళ్లు ఉండాల్సిందే. నీళ్లు లేకుండా పొడి మేత తింటే గొంతులో అడ్డుపడుతుంది.

మేతలో దాగిన ప్రమాదం: బూజు

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. బాతుపిల్లలు కూడా బలయ్యాయి. ఆరా తీస్తే మేతలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. దానికి పట్టిన బూజులోని విషానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఈ విషాన్ని తట్టుకునే శక్తి బాతుపిల్లలకు చాలా తక్కువ.

మన ఇళ్లలో చౌకగా దొరికేవి పల్లి చెక్క, తవుడు, నూకలు, మొక్కజొన్న. తేమ తగిలిన పల్లి చెక్క, ముక్క వాసన వచ్చే తవుడు, బూజు పట్టిన మొక్కజొన్న బాతుకు పెట్టారంటే విషం పెట్టినట్టే. అసలు బాతులకు పల్లి చెక్క వాడకపోవడమే క్షేమం. తడిపిన మేత మిగిలితే రెండు మూడు గంటల్లో తీసేయాలి.

పిల్లలకు మొదటి మూడు వారాలు 20 శాతానికి పైగా ప్రొటీన్ ఉన్న స్టార్టర్ మేత పెట్టాలి. బాతుల మేత దొరక్కపోతే కోడిపిల్లల స్టార్టర్ వాడొచ్చు, కానీ అందులో మందులు కలపనిదే తీసుకోవాలి. ఇంకో తేడా కూడా ఉంది. బాతుపిల్లకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి. కిలో మేతకు సుమారు 55 మిల్లీగ్రాములు ఉండాలంటారు. తగ్గితే కాళ్లు దొడ్డికాళ్లలా వంగి, నడవలేక కూర్చుండిపోతాయి. బ్రూయర్స్ ఈస్ట్ కలపడం సాధారణ పరిష్కారం. మోతాదు పశువైద్యుడిని అడగాలి.

పాలకూర, తోటకూర సన్నగా తరిగి నీళ్లలో వేస్తే ఇష్టంగా తింటాయి. అజొల్లా, పచ్చి బఠాణీ, నత్తలు, వానపాములు కూడా మంచివే. బ్రెడ్డు, చిప్స్, ఉప్పు వేసినవి, చాక్లెట్, అవకాడో పెట్టకూడదు. మేకులు, పిన్నులు, తీగ ముక్కలు కనిపిస్తే బాతు మింగేస్తుంది, లోహం ఒంట్లో విషమవుతుంది. తిరిగే చోటు రోజూ ఓసారి ఊడవాలి.

మచ్చిక చేసే పద్ధతి ఇదీ..

బాతుకు ఆకాశంలోంచి వచ్చే గద్ద అంటే పుట్టుకతోనే భయం. పైనుంచి చెయ్యి వస్తే దానికి గద్దే గుర్తొస్తుంది. అందుకే మొదటి రోజు నుంచి ఇలా చేయాలి.

1. తెచ్చిన రోజు ముట్టుకోవద్దు. పక్కన నేల మీద కూర్చుని మెల్లగా మాట్లాడాలి. మన గొంతు అలవాటు కానివ్వాలి.

2. రెండో రోజు నుంచి అరచేతిలో తరిగిన ఆకుకూర పెట్టి, చెయ్యి నేలకు ఆనించి ఉంచాలి. దానంతట అదే రావాలి. వెంటపడి పట్టుకుంటే వారం కష్టం పోయినట్టే.

3. మేత పెట్టే ప్రతిసారీ ఒకే పిలుపు వాడాలి. "బా.. బా.." అన్నా చాలు. కొన్ని రోజులకు ఆ పిలుపు వినగానే పరుగెత్తుకొస్తాయి.

4. రోజుకు రెండు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున కూర్చోవాలి. ఆదివారం ఒక్కరోజే గంటలు గంటలు గడిపితే లాభం లేదు.

5. ఎత్తుకునేటప్పుడు రెక్కలు ఒంటికి ఆనించి, కింద నుంచి పొట్టకు, కాళ్లకు చెయ్యి ఆసరా ఇవ్వాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తే కీళ్లు తొలగిపోతాయి.

6. ఎటైనా తీసుకెళ్లాలంటే తరమకుండా, వెనక నిలబడి చేతులు చాపి మెల్లగా నడిపించాలి. కాపరులు ఒక్క కర్రతో గుంపు మొత్తాన్ని నడిపించే కిటుకు ఇదే.

తల పైకీ కిందకీ ఊపితే సంతోషం. తోక ఆడిస్తే హుషారు. మూడు నాలుగు నెలల వయసులో ఒక్కసారిగా దూరం జరగడం, ముక్కుతో గిల్లడం మొదలవుతుంది. "ఇన్నాళ్లు పెంచితే ఇదా?" అని చాలామంది విసుగెత్తిపోయేది అప్పుడే. అది వయసు ప్రభావం. కొట్టకుండా, రోజువారీ పద్ధతి మార్చకుండా కొనసాగిస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

ఇల్లు, నీళ్లు, రాత్రి కాపలా

చెరువు అక్కర్లేదు. తల పూర్తిగా ముంచగలిగే టబ్, వీలైతే ఓ ప్లాస్టిక్ తొట్టి ఉంటే చాలు. నీళ్లు రోజూ మార్చాలి. ఆ మురికి నీళ్లు మొక్కలకు పోస్తే మంచి ఎరువు. కుళ్లిన ఆకులు, చచ్చిన పురుగులున్న నిలవ నీరు మాత్రం ప్రమాదం. అందులోని బొట్యులిజం విషంతో మెడ వాలిపోయి చనిపోతాయి.

రాత్రి ఒక్కో బాతుకు కనీసం నాలుగు చదరపు అడుగులుండే గూడు కావాలి. గాలి ఆడాలి, గట్టి ఇనుప జాలీ, గడియ ఉండాలి. వీధికుక్క, పిల్లి, ముంగిస, పందికొక్కు.. ఒక్క రాత్రి తలుపు మరిచిపోతే చాలు, తెల్లారేసరికి ఈకలే మిగులుతాయి. ఎండ 40 దాటే రోజుల్లో నీడ, చల్లటి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఇంకో చేదు నిజం.. బాతుకు టాయిలెట్ ట్రైనింగ్ ఉండదు. ఎక్కడుంటే అక్కడే, పావుగంటకోసారి రెట్ట వేస్తుంది. బెడ్‌రూమ్‌లో పెంచుతామనుకుంటే ఆ ఆలోచన ఇప్పుడే మానుకోవడం మంచిది.

రోగాలు.. మన జాగ్రత్త

డక్ ప్లేగు అనే వైరస్ జబ్బుకు టీకా ఉంది. ఏ వయసులో వేయించాలో పశువైద్యుడిని అడిగి వేయించాలి. మేత మానేయడం, కుంటడం, ఆకుపచ్చ విరేచనాలు, ఊపిరి అందకపోవడం కనిపిస్తే ఆ రోజే చూపించాలి. సంచార పశువైద్యం కోసం 1962 నంబర్‌కు కాల్ చేయొచ్చు.

బాతులు బర్డ్ ఫ్లూ వైరస్‌ను లక్షణాలు కనిపించకుండానే మోయగలవు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి తెలిసిందే. చుట్టుపక్కల అలాంటి వార్త వస్తే బాతుల్ని బయటికి వదలకూడదు, బయటి పక్షులతో కలవనివ్వకూడదు. అకస్మాత్తుగా చనిపోతే ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

ఆరోగ్యంగా ఉన్న బాతు రెట్టలోనూ సాల్మొనెల్లా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ముద్దులు పెట్టడం వద్దు. ఐదేళ్ల లోపు పిల్లల్ని బాతులతో ఒంటరిగా వదలొద్దు. గుడ్లు పూర్తిగా ఉడికించే తినాలి.

"ఇక పెంచలేం, చెరువులో వదిలేద్దాం" అనుకుంటే..?

చాలామంది దాన్ని స్వేచ్ఛ ఇవ్వడం అనుకుంటారు. కానీ పెకిన్ లాంటి బాతు ఎగరలేదు. గిన్నెలో మేత తిని పెరిగింది, తిండి వెతుక్కోవడం తెలియదు. పైగా మనిషిని చూస్తే పారిపోకుండా దగ్గరికొస్తుంది. మనం నేర్పిన ఆ నమ్మకమే అక్కడ దాని ప్రాణం తీస్తుంది. కుక్క వచ్చినా, రాయి పట్టుకున్న మనిషి వచ్చినా దానికి తేడా తెలియదు. దాని ఒంట్లోని రోగాలు చెరువులోని అడవి బాతులకూ అంటుకోవచ్చు. పెంచలేని పరిస్థితి వస్తే, బాతులు పెంచుతున్న తెలిసిన రైతుకో, ఇంటికో జతగా అప్పగించడమే సరైన దారి.

కొనే ముందు ఈ 5 ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి

- రెండు బాతులకు సరిపడా నేల, రాత్రికి గట్టి గూడు ఉన్నాయా?
- రోజూ నీళ్లు మార్చి, రెట్ట శుభ్రం చేసేది ఇంట్లో ఎవరు?
- తెల్లవారుజామున అరుపులు వినిపిస్తే పక్కింటివాళ్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటారా?
- పండక్కి ఊరెళ్తే చూసుకునేది ఎవరు?
- పదేళ్ల తర్వాత కూడా అది మీ ఇంట్లోనే ఉంటుందా?

ఐదింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగితే వెళ్లి రెండు పిల్లల్ని తెచ్చుకోండి. ఒక్కదానికి తడబడినా ఆగడం మంచిది. మచ్చికైన బాతు మనిషి పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. పిలిచినవాళ్లు పదేళ్లూ అక్కడే ఉండాలి.